లినక్స్‌లో ఐఎస్ఓ ఫైలును తెరిచి మార్చడానికి ఏది వేసుకోవాలి? మింట్ డీవీడీలో శతక పద్యాలు చేర్చాలి

కావలి_టీచరమ్మ

అందరికీ నమస్కారం. నేను కావలి దగ్గర ఒక పల్లెలో ఉంటాను. తెలుగు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రం పూట వీధి చివరి గదిలో పిల్లలను కూర్చోబెట్టి చదివిస్తుంటాను. ఒక పుణ్యాత్ముడు ఏడు పాత కంప్యూటర్లు ఇచ్చాడు. సగం వాటికి హార్డ్ డిస్కు లేదు, గదికి ఇంటర్నెట్ లేదు. మా అక్క కొడుకు వచ్చి, లినక్స్ మింట్ డీవీడీ పెడితే హార్డ్ డిస్కు లేకపోయినా కంప్యూటర్ నడుస్తుందని చూపించి, తిరిగి బెంగళూరు వెళ్లిపోయాడు. అప్పటి నుంచి ఆ డీవీడీలతోనే కాలక్షేపం.

మా ఊరి పెద్దవాళ్ల చేత శతక పద్యాలు చదివించి ఫోనులో రికార్డు చేశాను. అన్నీ కలిపి 900 మెగాబైట్ల దాకా ఉన్నాయి. మింట్ ఐఎస్ఓ ఫైలు (డీవీడీ మొత్తానికి నకలు లాంటి ఒకే ఫైలు) మూడు గిగాబైట్లకు కాస్త తక్కువ. డీవీడీలో చోటుంది కదా, ఆ పద్యాల ఫోల్డరును కూడా అందులోనే పెట్టేస్తే పిల్లలకు ఒకే డీవీడీ సరిపోతుందని నా ఆలోచన.

నా ల్యాప్‌టాప్‌లోనూ మింటే ఉంది. ఐఎస్ఓ ఫైలు మీద రెండుసార్లు నొక్కితే ఫోల్డర్లు తెరుచుకుంటున్నాయి కానీ అతికించడానికి వీలు లేదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో 'ఐఎస్ఓ ఎడిటర్' అని వెతికితే పనికొచ్చేది కనిపించలేదు. ఎక్కడో ఒక సైటులో దొరికిన డెబ్ ఫైలును (లినక్స్ ప్రోగ్రాము ప్యాకేజీని) దించుకుని వేయబోతే, దానికి కావలసిన లైబ్రరీలు లేవని చెప్పి ఆగిపోయింది. ఇప్పుడు అప్‌డేట్ మేనేజర్ కూడా ఏదో విరిగిందంటోంది. ఏం చేయాలి?

ఒంగోలు_గిత్త

టీచర్ గారూ, ముందు విరిగినదాన్ని అతికిద్దాం. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి, సుడో ఆప్ట్ (అధికారి హోదాలో ప్రోగ్రాములు వేసే ఆదేశం) అని రాసి, ఖాళీ వదిలి, రెండు హైఫన్లు పెట్టి, ఫిక్స్ హైఫన్ బ్రోకెన్ అని రాసి, మళ్లీ ఖాళీ వదిలి ఇన్‌స్టాల్ అని కొట్టండి. అన్నీ ఆంగ్లంలో, చిన్న అక్షరాలతో. ఆ డెబ్ ఫైలును తీసేయాలా అని అడుగుతుంది. తీసేయమనండి. అది ఎప్పుడో పాత ఉబుంటు కోసం కట్టిన ప్యాకేజీ అయి ఉంటుంది. అది అడిగే లైబ్రరీ మీ మింట్‌లో అదే పేరుతో, అదే వెర్షన్‌లో ఉండదు. అందుకే పేచీ.

ఇక అతికించడానికి ఎందుకు వీలు లేదంటే, ఐఎస్ఓ 9660 అనే పద్ధతి 1988 నాటిది. సీడీ మీద ఒక్కసారి రాస్తే మళ్లీ మార్చే పని లేదన్న ఊహతో చేసినది. ఫైళ్లను ఒకదాని వెనుక ఒకటి సందు లేకుండా పేర్చి, ఏ ఫైలు ఎన్నో సెక్టారులో మొదలవుతుందో ముందు పట్టికలో రాసేస్తుంది. మధ్యలో ఒకటి దూర్చాలంటే పట్టిక మొత్తం మారాలి. హార్డ్ డిస్కు మార్కాపురం పలక అనుకుంటే, ఇది చీమకుర్తి రాయి మీద చెక్కిన శాసనం. తుడిచి రాయడం ఉండదు, కొత్త రాయి మీద మళ్లీ చెక్కాల్సిందే. ఐఎస్ఓ ఎడిటర్ అని పేరు పెట్టుకున్నవన్నీ చేసే పని ఇదే. పాతదాన్ని చదివి, మీ మార్పులు కలిపి, కొత్త ఫైలు రాసి ఇస్తాయి.

రైలుకట్ట

అంత అవసరం లేదండీ. మౌంట్ చేసేటప్పుడు, అంటే ఐఎస్ఓను డిస్కులా తగిలించేటప్పుడు, రాయడానికి అనుమతి ఇస్తున్నట్టు ఒక ఆప్షన్ ఉంటుంది. సుడోతో అది పెడితే ఫోల్డరులో ఏదైనా అతికించవచ్చు.

ఒంగోలు_గిత్త

రైలుకట్ట గారూ, చేసి చూశారా? లినక్స్ కెర్నెల్‌లో ఐఎస్ఓ 9660 కోసం ఉన్నది చదివే భాగం మాత్రమే, రాసే భాగం అసలు లేదు. సుడో కాదు కదా, సాక్షాత్తూ రూట్, అంటే సర్వాధికారి, వచ్చినా అంతే.

రైలుకట్ట

నిజమే, ఇప్పుడే చేసి చూశాను. పెన్ డ్రైవ్ అలవాటులో అనేశాను.

మొలగొలుకులు

ఈ రోజుల్లో డీవీడీ ఎవరు వాడుతున్నారండీ? ఒక పెన్ డ్రైవ్ కొని వెంటాయ్ వేయండి. ఐఎస్ఓ ఫైలును ఉన్నది ఉన్నట్టు అందులో కాపీ చేయండి, పక్కన మరో ఫోల్డరులో పద్యాలు పెట్టుకోండి. బూట్ చేసినప్పుడు వెంటాయ్ మెనూలో మింట్ కనిపిస్తుంది, నొక్కితే లేస్తుంది. ఎడిటరూ వద్దు, ఏమీ వద్దు. అరిటాకు చాలినచోట విస్తరి కుట్టుకోవడం ఎందుకు?

కావలి_టీచరమ్మ

సలహా బాగుంది. కానీ ఆ ఏడింటిలో నాలుగు కంప్యూటర్లకు పెన్ డ్రైవ్ నుంచి లేచే గుణం లేదు. బయాస్ మెనూలో (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల్లో) ఫ్లాపీ, సీడీ, హార్డ్ డిస్కు, ఈ మూడే ఉన్నాయి. పైగా పెన్ డ్రైవ్ అంటే పిల్లల జేబులో ఇమిడిపోయే వస్తువు. ముప్పై ఏళ్లు సుద్దముక్కలు లెక్కపెట్టిన అనుభవంతో చెబుతున్నాను.

మొలగొలుకులు

సుద్దముక్కల మాట దగ్గర ఓడిపోయాను. డీవీడీనే కానివ్వండి.

గెలాక్సీ_రాయి

టీచర్ గారికి కావలసింది ఐసో మాస్టర్. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో దొరకకపోవడానికి కారణం మీరు వెతికిన మాటలే. ప్యాకేజీ పేరులో ఐసో, మాస్టర్ రెండూ కలిసి ఒకే మాటగా ఉంటాయి, మధ్య ఖాళీ లేదు. దించుకునే సైట్ల జోలికి పోకండి, అది ఉబుంటు యూనివర్స్ విభాగంలోనే ఉంది, మింట్‌కు అక్కడి నుంచే వస్తుంది. ముందు సుడో ఆప్ట్ అప్‌డేట్ కొట్టి జాబితాను తాజా చేసుకోండి. తర్వాత సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని, పక్కన ఆ పేరు కొట్టండి. చాలా చిన్నది, నిమిషం పట్టదు.

తెరిస్తే కిటికీ రెండు అంతస్తులుగా ఉంటుంది. పై అంతస్తు మీ కంప్యూటర్, కింది అంతస్తు ఐఎస్ఓ లోపలిది. పైన మీ ఫోల్డరును ఎంచుకుని, నడుమ ఉన్న చేర్చే బొత్తాం నొక్కితే కిందికి వెళుతుంది. కింద ఒకదాన్ని ఎంచుకుని తీసేసే బొత్తాం నొక్కితే పోతుంది. చివరికి కొత్త పేరుతో భద్రపరచండి. నీరో (డిస్కులు కాల్చే ప్రోగ్రాము) వాళ్ల ఎన్ఆర్‌జీ ఫైళ్లను కూడా చదువుతుంది కానీ రాసేది మాత్రం ఐఎస్ఓగానే.

కే3బీ, బ్రసేరో లాంటివి ఎవరైనా చెబితే గందరగోళపడకండి. అవి డీవీడీ కాల్చడానికి. తయారైన ఐఎస్ఓ లోపల చెయ్యి పెట్టి మార్చేవి కావు.

కావలి_టీచరమ్మ

మొదటి ఆదేశం కొట్టగానే తాళం దొరకలేదు అన్న అర్థంలో ఏదో వచ్చింది. డీపీకేజీ, లాక్ అన్న మాటలు కనిపించాయి. గూగుల్‌లో వెతికితే ఆ లాక్ ఫైలును తీసేయమని ఒకరు రాశారు. తీసేయనా?

ఒంగోలు_గిత్త

వద్దు, ముట్టుకోవద్దు! వెనుక అప్‌డేట్ మేనేజర్ ఏదో వేస్తోంది. ఇద్దరు ఒకేసారి ప్యాకేజీల జాబితా మీద రాయకుండా పెట్టిన తాళం అది. లోపల మనిషి ఉండగా తాళం పగలగొడితే ఏమవుతుందో ప్యాకేజీల విషయంలోనూ అదే అవుతుంది. ఒక టీ తాగి రండి.

కావలి_టీచరమ్మ

టీ తాగి వచ్చాను. వేసుకుంది. ఫోల్డరు చేర్చాను, కొత్త పేరుతో భద్రపరిచాను, డీవీడీ కాల్చాను. పాత కంప్యూటరులో పెడితే లేచింది! పద్యాలు ఎక్కడున్నాయో తెలియక కాసేపు వెతుక్కున్నాను. ఫైల్ మేనేజర్‌లో హోమ్ ఫోల్డరులో లేవు.

గెలాక్సీ_రాయి

అక్కడ ఉండవు టీచర్ గారూ. మింట్ లోపలి వ్యవస్థ అంతా కాస్పర్ ఫోల్డరులో స్క్వాష్ ఎఫ్ఎస్ అనే ఒకే పెద్ద మూటలో కట్టి ఉంటుంది. తెర మీద కనిపించేది ఆ మూట విప్పితే వచ్చినది. మీరు చేర్చిన ఫోల్డరు మూట బయట, డీవీడీలోనే ఉంది. ఫైల్ మేనేజర్‌లో మొదటి మెట్టుకు, అంటే రూట్‌కు వెళ్లి సీడీరామ్ అనే ఫోల్డరు తెరవండి. డీవీడీలో ఉన్నదంతా అక్కడ కనిపిస్తుంది.

తెర మీదే పద్యాల బొమ్మ ఉండాలంటే మూట విప్పి, మళ్లీ కట్టాలి. క్యూబిక్ అనే ప్రోగ్రాము ఆ పని చేస్తుంది. కానీ ఒక ఫోల్డరు కోసం అంత శ్రమ వద్దని నా మాట. పిల్లలకు దారి చూపిస్తే చాలు.

కావలి_టీచరమ్మ

దొరికాయి! పిల్లలకంటే ముందు పద్యం చదివిన అవ్వలే వచ్చి కూర్చున్నారు. తమ గొంతు తామే విని, 'ఇది నేను కాదు, నా గొంతు ఇంత బొంగురుగా ఉండదు' అని ఒకామె ఒకటే వాదన.

ఒక చిక్కు మిగిలింది. మిగతా మూడు కంప్యూటర్లు పెన్ డ్రైవ్‌తో లేస్తాయి కదా అని అదే కొత్త ఐఎస్ఓను మింట్‌లో ఉన్న పెన్ డ్రైవ్ రాసే పరికరంతో రాశాను. లేవలేదు. నా ల్యాప్‌టాప్‌లోనూ లేవలేదు. మార్చని అసలు ఐఎస్ఓ రాస్తే లేస్తోంది. నా రాతలో తప్పా?

పెన్నా_ఒడ్డు

మీ రాతలో తప్పు లేదు. ఐఎస్ఓ ఫైలులో మొదటి 16 సెక్టార్లు, ఒక్కోటి 2,048 బైట్ల లెక్కన 32,768 బైట్లు, ఏ ఫైలుకూ చెందవు. ప్రమాణంలో దాన్ని వ్యవస్థ కోసం వదిలేశారు. సీడీ, డీవీడీ నుంచి లేచేటప్పుడు బయాస్ దాని జోలికి వెళ్లదు. ఎల్ టొరిటో అనే పద్ధతిలో వేరే చోట రాసిన బూట్ పట్టికను చూసుకుని లేస్తుంది. అందుకే మీ డీవీడీ పనిచేసింది.

పెన్ డ్రైవ్ అలా కాదు. కంప్యూటర్ దాన్ని హార్డ్ డిస్కులా చూస్తుంది. మొట్టమొదటి సెక్టారులో బూట్ రాత ఉందా, విభాగాల పట్టిక ఉందా, కొత్త యంత్రాలైతే ఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చినది) భాగం ఎక్కడుంది అని వెతుకుతుంది. మింట్ వాళ్లు ఆ ఖాళీ 32 కిలోబైట్లలో ఈ సరంజామా నేర్పుగా ఇరికించి, ఒకే ఫైలు రెండు రకాలుగా లేచేటట్టు చేశారు. ఐసో మాస్టర్ ఫైళ్లను జాగ్రత్తగా మోసుకొచ్చింది కానీ ఫైళ్లు కాని ఈ సరంజామాను వెంట తెచ్చుకోలేదు. ఇల్లు మారేటప్పుడు సామానంతా ఎక్కించి గోడకున్న మేకులు మరిచిపోయినట్టు.

దీనికి మందు ఎక్సారిసో. ఎక్స్, ఓ, ఆర్, ఆర్, ఐ, ఎస్, ఓ. కిటికీలు ఉండవు, టెర్మినల్లోనే పని. ఆప్ట్‌తో అదే పేరున వస్తుంది. మీ మింట్‌లో ఇప్పటికే ఉన్నా ఉండవచ్చు. ఆదేశంలో మొదట దాని పేరు, తర్వాత ఈ వరుస:

హైఫన్ ఇన్‌డెవ్, పక్కన అసలు ఐఎస్ఓ పేరు
హైఫన్ అవుట్‌డెవ్, పక్కన కొత్త ఐఎస్ఓ పేరు
హైఫన్ బూట్ అండర్‌స్కోర్ ఇమేజ్, పక్కన ఎనీ, పక్కన రీప్లే
హైఫన్ మ్యాప్, పక్కన మీ కంప్యూటరులో ఫోల్డరు ఉన్న దారి, పక్కన ఐఎస్ఓలో ఎక్కడ పెట్టాలో ఆ దారి

అంతా ఒకే వరుసలో కొట్టాలి. కీలకం మూడోది. రీప్లే అంటే పాత ఐఎస్ఓలో బూట్ సరంజామా ఏ తీరున ఉందో చదివి, కొత్తదానిలో అదే తీరున మళ్లీ అమర్చు అని. మీరు ఇప్పుడు ఐసో మాస్టర్‌తో చేసిన ఫైలును వాడకండి, అందులో మేకులు లేవు. మింట్ సైటు నుంచి దించుకున్న అసలు ఫైలుతో మొదలుపెట్టండి.

కావలి_టీచరమ్మ

ఆదేశాన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకుని, ఒక్కో ముక్కా చూసుకుంటూ కొట్టాను. కొత్త ఐఎస్ఓ పేరుగా ఇంతకు ముందు వాడిన పేరే ఇచ్చాను. అది ఖాళీ కాదని చెప్పి ఒప్పుకోలేదు.

పెన్నా_ఒడ్డు

ఒప్పుకోకపోవడమే మంచిది. ఇన్‌డెవ్, అవుట్‌డెవ్ వేరుగా ఇచ్చినప్పుడు కొత్త పేరుతో ఫైలు అప్పటికే ఉండకూడదు. వేరే పేరు ఇవ్వండి.

స్టూడియో_ట్రంకురోడ్డు

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి, విషయం దగ్గరిదే కాబట్టి అడుగుతున్నాను. నెల్లూరులో ఫోటో స్టూడియో నాది. 2003, 2004 నాటి పెళ్లి వీసీడీల ఇమేజులు దాచిపెట్టాను. ఒక్కోదానికి బిన్ ఫైలు ఒకటి, క్యూ ఫైలు ఒకటి. అప్పట్లో విండోస్‌లో చేసినవి. ఒక జంట ఇప్పుడు వాళ్ల పాప కోసం అడుగుతున్నారు. ఐసో మాస్టర్‌లో బిన్ ఫైలు తెరవడం లేదు. ఒక వీసీడీ దొరికితే డ్రైవులో పెట్టి, అందులో వీడియో ఉండే డీఏటీ ఫైలును నేరుగా కాపీ చేద్దామంటే మధ్యలో చదవలేకపోయానని ఆగిపోతోంది. డిస్కు మీద ఒక్క గీత కూడా లేదు.

పెన్నా_ఒడ్డు

గీత లేకపోయినా ఆగుతుంది అన్నా. వీసీడీలో వీడియో ఉన్న సెక్టార్లు మామూలు సెక్టార్లు కావు. మామూలు డేటా సెక్టారులో 2,048 బైట్లు ఫైలుకు పోగా మిగిలినది తప్పులు సరిదిద్దే లెక్కలకు వాడతారు. వీడియోలో ఒక చుక్క అటూ ఇటూ అయినా కంటికి తెలియదు కదా అని, వీసీడీలో ఆ సరిదిద్దే చోటును కూడా వీడియోకే ఇచ్చి సెక్టారుకు 2,324 బైట్లు నింపారు. ఫైల్ మేనేజర్ మాత్రం 2,048 లెక్కతోనే చదవబోతుంది. అక్కడ తంటా. బిన్ ఫైలు అయితే సెక్టారును మొత్తం 2,352 బైట్లూ ఉన్నది ఉన్నట్టు దాచుకుంటుంది. మీరు బిన్‌గా దాచడమే మంచిదైంది.

వీసీడీ ఇమేజర్ అనే ప్యాకేజీ వేసుకోండి. దానితో పాటు వీసీడీ ఎక్స్ రిప్ అనే ఆదేశం వస్తుంది. దానికి బిన్ ఫైలు చూపిస్తే లోపలి వీడియోను ఎంపెగ్ ఫైలుగా బయటికి తీసి ఇస్తుంది. వీఎల్‌సీలో ఆడుతుంది.

స్టూడియో_ట్రంకురోడ్డు

వచ్చింది! పెళ్లికూతురు తల మీద జీలకర్ర బెల్లం పెట్టే దగ్గర గుర్రపు డెక్క ఆకారంలో బొమ్మ తిరిగే ఎఫెక్టు పెట్టాను అప్పట్లో. ఇప్పుడు చూస్తే సిగ్గేస్తోంది. బొమ్మ మరీ చిన్నదిగా, మసకగా ఉంది. పెద్దది చేసే మార్గం ఉందా?

ఒంగోలు_గిత్త

వీసీడీలో ఉన్నదే 352 చుక్కల వెడల్పు, 288 చుక్కల ఎత్తు. అందులో లేనిదాన్ని ఎక్కడి నుంచి తెస్తాం? అసలు క్యాసెట్లు ఉంటే మాత్రం వాటి నుంచి మళ్లీ ఎక్కించండి, తేడా కనిపిస్తుంది. దీనికి వేరే చర్చ మొదలుపెట్టండి, టీచర్ గారి పని మిగిలి ఉంది.

కావలి_టీచరమ్మ

పరవాలేదు, పెళ్లి కబుర్లు ఎవరికి చేదు. నా వైపు ఫలితం: పెన్ డ్రైవ్ లేచింది, డీవీడీ లేచింది, ల్యాప్‌టాప్ కూడా లేచింది. మేకులు ఉన్నాయి!

కానీ మా పక్కింటి అబ్బాయి విండోస్ కంప్యూటరులో ఈ డీవీడీ పెడితే నా తెలుగు పేర్లన్నీ అడ్డగీతలైపోయాయి. 'శతకపద్యాలు' అన్న ఫోల్డరు పేరు వరుసగా గీతలు. లినక్స్‌లో మాత్రం చక్కగా తెలుగులోనే ఉంది. ఫాంటు లోపమా?

పెన్నా_ఒడ్డు

ఫాంటు కాదు, పొరపాటు నాది. ఒక ముక్క చెప్పడం మరిచాను. ఐఎస్ఓ 9660 అసలు ప్రమాణంలో పేర్లకు ఆంగ్ల పెద్ద అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే చెల్లుతాయి. ఆ ఇరుకు తప్పించుకోవడానికి యూనిక్స్ వాళ్లు రాక్ రిడ్జ్ అని ఒక అనుబంధం, మైక్రోసాఫ్ట్ వాళ్లు జోలియెట్ అని మరొకటి చేసుకున్నారు. లినక్స్ రాక్ రిడ్జ్ చూసి తెలుగు చూపిస్తుంది. విండోస్‌కు రాక్ రిడ్జ్ పట్టదు, జోలియెట్ కోసం వెతుకుతుంది. ఎక్సారిసో మామూలుగా రాక్ రిడ్జ్ రాస్తుంది, జోలియెట్ అడిగితేనే రాస్తుంది. ఆదేశంలో మ్యాప్‌కు ముందు హైఫన్ జోలియెట్, పక్కన ఆన్ అని చేర్చి మళ్లీ చేయండి.

ఒక హెచ్చరిక. జోలియెట్‌లో పేరుకు 64 అక్షరాల హద్దు ఉంది, అక్షరం అంటే యూనికోడ్ లెక్కన. మన 'శ్రీ' చూడ్డానికి ఒక్కటే, యూనికోడ్ లెక్కన నాలుగు: శ, పొల్లు, ర, ఈత్వం. ఒత్తులు, గుణింతాలు ఎక్కువైతే మన పేర్లు తొందరగా హద్దు దాటతాయి. రాక్ రిడ్జ్‌లో 255 బైట్లు, అందులో తెలుగు అక్షరానికి మూడు బైట్లు పోతాయి కాబట్టి 85 దాకా పడతాయి.

మొలగొలుకులు

ఛందస్సులో గురువు, లఘువు లెక్కపెట్టినట్టుంది. టీచర్ గారికి ఇది కష్టమేమీ కాదు.

కావలి_టీచరమ్మ

లెక్కపెట్టాను. ఒక ఫైలుకు నేను పెట్టిన పేరు 'మాలకొండయ్య గుడి వెనక వీధి పెద్దక్క చదివిన పద్యం, మధ్యలో కోడి కూసింది, మళ్లీ చదివించాలి'. హద్దు దాటింది. 'కోడి కూసిన పద్యం' అని కుదించాను.

ఇంకో సందేహం. మింట్ సైటులో ఇచ్చిన షా 256 సంఖ్యతో (ఫైలుకు వేలిముద్ర లాంటిది) నా కొత్త ఐఎస్ఓ సరిపోలడం లేదు.

గెలాక్సీ_రాయి

సరిపోలదు, సరిపోలకూడదు. ఆ సంఖ్య మార్చని ఫైలుది. దించుకున్న వెంటనే అసలు ఫైలును దానితో సరిచూసుకోవాలి, మార్చాక కాదు. డీవీడీ లోపల ఎండీ5 (అలాంటిదే మరో రకం వేలిముద్ర) జాబితా ఒకటి వేరే ఉంటుంది, బూట్ మెనూ నుంచి సరిచూసేది దానినే. అందులో ఉన్న ఫైళ్లను మీరు మార్చలేదు, కొత్తవి చేర్చారు అంతే. కాబట్టి ఆ పరీక్ష నెగ్గుతుంది. డీవీడీ కాల్చేటప్పుడు మాత్రం వేగం తగ్గించండి. పాత డ్రైవులకు నిదానంగా కాల్చినవే బాగా రుచిస్తాయి.

కావలి_టీచరమ్మ

జోలియెట్ చేర్చి మళ్లీ చేశాను. విండోస్‌లోనూ తెలుగు కనిపిస్తోంది. నిదానంగా ఏడు డీవీడీలు కాల్చాను. ఆరు కంప్యూటర్లు లేచాయి. ఏడోదాని డీవీడీ తలుపే తెరుచుకోవడం లేదు. ముందున్న చిన్న రంధ్రంలో కాగితాల పిన్ను సాగదీసి గుచ్చమని అక్క కొడుకు ఫోనులో చెప్పాడు. గుచ్చితే తెరుచుకుంది, లోపల ఎవరిదో పాత భక్తి పాటల సీడీ ఉంది. దాత గారికి తిరిగి పంపించాలి.

మొలగొలుకులు

టీచర్ గారూ, ఆ ఐఎస్ఓ నాకూ ఒకటి కావాలి. మా అమ్మకు వినిపిస్తాను. డీవీడీ వద్దు, నా దగ్గర డ్రైవు లేదు. ఈ ఆదివారం కావలి వస్తున్నాను, పెన్ డ్రైవ్ తెస్తాను.

కావలి_టీచరమ్మ

రండి. పెన్ డ్రైవ్ మీద పేరు రాసుకుని మరీ తెచ్చుకోండి. ఇక్కడ పిల్లలున్నారు.